వెదురు గడ కింద: ట్రినిడాడ్ హిందువుల ఇంటి పూజ

సభకు నమస్కారం.

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో ఏ ఊళ్లోకి వెళ్లినా ఏది హిందువుల ఇల్లో ఎవర్నీ అడగనక్కర్లేదు. ఇంటి ముందు ఒక మూల వెదురు గడలు గుంపుగా నిలబడి ఉంటాయి. ఒక్కో గడకు పైన ఒక ముక్కోణపు గుడ్డ కట్టి ఉంటుంది. ఎరుపు, పసుపు, తెలుపు, గులాబీ. కొన్ని నిన్నమొన్న కట్టినట్టు మెరుస్తుంటాయి. కొన్ని ఎండకు వెలిసి, వానకు చీలికలై, దారాలుగా వేలాడుతుంటాయి. వాటిని అక్కడివాళ్లు జండీలంటారు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ జండీ చుట్టూనే తిరుగుతుంది. గుడి కట్టుకునే వీలు లేక, చదువుకున్న పండితుడు దొరక్క, చేసుకున్న పెళ్లికి చట్టంలో విలువ లేక గడిచిన రోజుల్లో అక్కడ మన ధర్మాన్ని బతికించింది ఇంటి పెరడేనని నా గట్టి నమ్మకం.

మొదటి ఓడ ఫటేల్ రజాక్ 1845 మే 30న పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవుకు చేరింది. కలకత్తాలో బయలుదేరి మూడు నెలలు దాటింది. అందులో వచ్చినవాళ్లు 225 మంది దాకా ఉంటారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు చవకగా పనివాళ్లు కావలసి వచ్చారు. అప్పటి నుంచి 1917లో ఈ వలస ఆగిపోయే వరకు సుమారు 1,44,000 మంది భారతీయులు ఆ దీవిలో దిగారు. ఎక్కువమంది ఈనాటి తూర్పు ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల భోజ్‌పురి, అవధీ పల్లెలవాళ్లు. అయిదేళ్ల ఒప్పందం, బారకాసుల్లో ఒకే కప్పు కింద పదీ పన్నెండు గదులు, తోట దాటి వెళ్లాలంటే చేతిలో చీటీ ఉండాలి. ఓడలో అందరికీ ఒకే గంజి, ఒకే వంట కాబట్టి కులం పట్టు అక్కడే సగం సడలింది. ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఒకరినొకరు జహాజీ భాయి అని పిలుచుకున్నారు. ఆ చుట్టరికాన్ని రక్తసంబంధం లాగే పాటించి, ఆ ఇళ్ల మధ్య పెళ్లి సంబంధాలు కూడా కలుపుకోని కుటుంబాలు ఉండేవి.

అలాంటి బతుకులో ఏ పూజ నిలుస్తుంది? విగ్రహప్రతిష్ఠ కావాలి, ఆగమం తెలిసిన అర్చకుడు కావాలి అంటే కుదరదు. మట్టి, నీళ్లు, నిప్పు, వెదురు, మామిడాకు, నోటికి వచ్చిన తులసీదాసు చౌపాయీ పద్యాలు ఉంటే చాలు అనే పూజ నిలుస్తుంది. నిలిచింది.

జండీ ఎత్తడం ఎలాగో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ ధర్మమంతా ఈ ఒక్క పనిలో ఇమిడి ఉంది. ఎక్కువ ఇళ్లలో ఏడాదికొకసారి పూజ పెట్టుకుంటారు. పుట్టినరోజుకో, కొత్త ఇంటికో, మొక్కు తీరినందుకో కూడా పెడతారు. దానికి ముందు కొన్ని రోజులు ఇంటిల్లిపాదీ మాంసం, చేప, గుడ్డు, మందు మానేస్తారు. దీన్నే వాళ్లు ఉపవాసం అంటారు. మన లెక్కన అది ఉపవాసం కాదు, నియమం. మనవాళ్లెవరైనా అక్కడికి వెళ్లి ‘ఉపవాసమంటూ అన్నం తింటున్నారేమిటి’ అని అడిగితే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

పూజ రోజు పొద్దున్నే పచ్చి వెదురు కొట్టుకొస్తారు. ఎండు వెదురైతే నిలువునా చీలుతుంది, గాలికి తట్టుకోదు. గడ 10, 12 అడుగులు ఉంటుంది. కణుపుల దగ్గర కొమ్మలు నున్నగా చెక్కి, కడిగి, సింధూరం బొట్లు పెడతారు. పెరట్లో మట్టితో చిన్న వేదిక కడతారు. దాన్ని బేదీ అంటారు. కలశం వాళ్లకు లోటా. అందులో మామిడాకులు, మీద కొబ్బరికాయ లేదా దీపం. ముందు గౌరీగణేశులకు పూజ, తర్వాత ఆ ఇంటి ఇష్టదైవానికి, చివర మామిడి పుల్లలతో, నేతితో హోమం, ఆరతి. ఆ తర్వాత అందరూ లేచి గడ దగ్గరికి వస్తారు. గుంటలో అక్షతలు, పువ్వులు, ఒక నాణెం వేస్తారు. ఇంట్లోవాళ్లంతా, పసిపిల్లతో సహా, గడ మీద చెయ్యి వేసి ఒక్కసారిగా నిలబెడతారు. తర్వాత మట్టి కూరి, మొదట్లో నీళ్లు పోస్తారు. ఈ చెయ్యి వేయడం దగ్గర పండితుడు పక్కకు తప్పుకుంటాడు. జెండా ఇంటివాళ్లది.

ఎరుపు హనుమంతుడికి. ఈ మాట మీద అందరిదీ ఒకే తీరు. పసుపు దుర్గకు, గులాబీ లక్ష్మికి, తెలుపు సరస్వతికి లేదా సత్యనారాయణస్వామికి అని చాలా ఇళ్లలో అంటారు కానీ, కుటుంబాన్ని బట్టీ పండితుణ్ణి బట్టీ తేడాలున్నాయి. భోజ్‌పురి పల్లెల్లో హనుమంతుడికి ఎత్తే మహావీరీ జెండాయే దీనికి మూలం. అక్కడ ఒక దేవుడిదిగా ఉన్నది ఇక్కడ అందరు దేవుళ్లదీ అయింది. ఊరికొక ధ్వజస్తంభం ఉండే మనకు, ఇంటికొక ధ్వజస్తంభం అంటే అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు.

పాత జండీని పీకరు. వెలిసిపోయేదాకా అక్కడే ఉంచి, దాని పక్కనే కొత్తది పాతుతారు. భూమిలో ఉన్న మొదలు వాన తేమకు మెత్తబడి ఏడాది రెండేళ్లలో దానంతటదే ఒరుగుతుంది. గుంట లోతు తక్కువైతే ముందే పడుతుంది. ఈ మధ్య నూలుగుడ్డ పోయి పాలియెస్టర్ వచ్చింది. రంగు ఎక్కువ కాలం ఆగుతుంది, నిజమే. కానీ అది మట్టిలో కలవదు. పూజ సామగ్రితో పాటు సముద్రంలో కలిపితే ఒడ్డుకు కొట్టుకొస్తుంది. నూలుగుడ్డకు తిరిగి వెళ్లడమే మంచిదని నేను అంటాను.

పూజ అయ్యాక పర్సాద్. గోధుమపిండిని నేతిలో సన్నని సెగ మీద, కలియబెడుతూ, కమ్మని వాసన వచ్చి ఎర్రబడేదాకా వేయించి, చక్కెర, ఏలకులు, కిస్‌మిస్ వేసి కాచిన పాలు పోస్తారు. పాలు చల్లగా ఉంటే ఉండలు కడుతుంది. సెగ ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చివాసన ఉండిపోతుంది. చిన్న కాగితపు సంచుల్లో పెట్టి ఊరంతా పంచుతారు, మతం అడగరు. భోజనం సోహరి ఆకులో. అరటాకు కన్నా గట్టిది, వేడికి చిరగదు. అది అమెరికా ఖండపు మొక్క, మన దేశంలోది కాదు. మన తాతలకు విస్తరాకు ఎలాగో వాళ్లకు అది అలాగ.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గంగా మైదానం నుంచి వచ్చిన ఆ మనుషులు దిగిన దీవి ఉన్నది పదిన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే ఇంచుమించు కొచ్చి ఉన్న చోట. చలికాలం లేదు. జనవరి నుంచి మే దాకా పొడి కాలం, తర్వాత డిసెంబరు దాకా వానలు. వాళ్లకు తెలిసిన రుతువులు అక్కడ లేవు. అందుకే దీపావళి వాళ్లకు వానల మధ్య వస్తుంది. దీపాలు పెట్టే తీరు కూడా అందుకు తగ్గట్టే మారింది. వెదురును బద్దలుగా చీల్చి, తోరణాలుగా, చక్రాలుగా వంచి కట్టి, నేల తడికి అంటకుండా వాటి మీద మట్టి ప్రమిదలు వరుసగా పేరుస్తారు. ప్రమిదలను ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెడతారు. లేకపోతే మట్టే సగం నూనె తాగేస్తుంది. పోసేది కొబ్బరినూనె. వత్తి కొస అంచు దాటి బయటికి రావాలి, నూనెలో మునిగితే అంటుకోదు. వెదురు బద్ద ఒక్క వేలెడు ఒరిగినా నూనె కారి కింది వరుస ఆరిపోతుంది కాబట్టి మట్టం చూసి కట్టేవాడికే ఊళ్లో గౌరవం. 1966 నుంచి దీపావళి అక్కడ జాతీయ సెలవు. ఆ రాత్రి హిందువులు కానివాళ్లు కూడా దీపాలు చూడటానికి ఊళ్ల మీద తిరుగుతారు.

తిథి విషయంలో మనవాళ్లు తరచూ పొరబడతారు. ‘ఇండియాలో దీపావళి రేపైతే అక్కడ ఇవాళెందుకు?’ అంటారు. తిథి ఆకాశంలో చంద్రుడికీ సూర్యుడికీ మధ్య ఉన్న కోణాన్ని బట్టి ఏర్పడుతుంది. అది మొదలయ్యే క్షణం భూమి అంతటికీ ఒకటే. కానీ దీపావళి నిర్ణయం స్థానిక సూర్యాస్తమయాన్ని బట్టి. ట్రినిడాడ్ గడియారం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. 2024 సంగతి తీసుకోండి. అమావాస్య మన కాలమానంలో అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కి మొదలై నవంబరు 1 సాయంత్రం 6.16కి ముగిసింది. రెండు సాయంత్రాలను తాకింది కాబట్టి ఇక్కడ 31వ తేదీయా, 1వ తేదీయా అని వాదన నడిచింది. అక్కడ అదే అమావాస్య 31 ఉదయం 6.22కి వచ్చి 1వ తేదీ ఉదయం 8.46కే పోయింది. ప్రదోషంలో, అంటే పొద్దుగూకిన వేళ, అమావాస్య ఉన్నది 31 ఒక్క రోజే. అక్కడ వాదనకు చోటే లేదు. ఇక్కడి పంచాంగాన్ని తీసుకెళ్లి అక్కడ తేదీలు చెప్పడం అందుకే తప్పు. ఇంకొక తికమక కూడా ఉంది. వాళ్లది పూర్ణిమాంత మానం, అంటే నెల పౌర్ణమితో ముగుస్తుంది. మనకు అమావాస్యతో ముగుస్తుంది. మనకు ఆశ్వయుజ అమావాస్య అయినది వాళ్లకు కార్తీక అమావాస్య. పౌర్ణమికి మాత్రం ఇద్దరికీ నెల పేరు కలుస్తుంది. కార్తీక పున్నమినాడు వాళ్లు సముద్రస్నానానికి వెళతారు. దాన్ని కాతిక్ నహాన్ అంటారు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. పండితుడు చేసిన హిందూ పెళ్లికి 1946 దాకా గుర్తింపు లేదు. ప్రత్యేకంగా నమోదు చేయించుకోని దంపతుల పిల్లలు చట్టం కళ్లకు అక్రమ సంతానమే, ఆస్తికి వారసులు కారు. దాదాపు వందేళ్లు అలా గడిచాయి. 1952లో భదసే సగన్ మరాజ్ నాయకత్వంలో సనాతన ధర్మ మహాసభ ఏర్పడి, కొద్ది సంవత్సరాల్లోనే ఊరూరా హిందూ బడులు కట్టింది. అంతకు ముందు పల్లె పిల్లల చదువు చాలావరకు కెనడా నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్ మిషనరీల బడుల్లోనే.

శివదాస్ సాధు కథ మాత్రం క్లుప్తంగా చెప్పలేను. ఆయన ఒప్పంద కూలీ కుటుంబంలోని మనిషి, చెరకు తోటలో పనివాడు. 1947లో వాటర్లూ అనే ఊళ్లో సముద్రపు ఒడ్డున చిన్న గుడి కట్టాడు. ఆ నేల చక్కెర కంపెనీది. తీసెయ్యమన్నారు, తీయలేదు. 1952లో ఆయన్ను 14 రోజులు జైల్లో పెట్టారు, గుడి కూలగొట్టారు. భూమి మీద చోటు లేకపోతే ఎవరిదీ కాని సముద్రంలో కడతానన్నాడాయన. అక్కడ పారియా సింధుశాఖ లోతు తక్కువ, అడుగంతా బురద. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయినప్పుడు సైకిల్ మీద, బకెట్లతో రాళ్లు, ఇసుక, సిమెంటు మోసుకెళ్లి 500 అడుగుల లోపలికి దారి వేస్తూ గుడి కట్టాడు. పోటు వచ్చేలోగా పోసిన కాంక్రీటు గట్టిపడకపోతే అల కరిగించుకుపోతుంది. అందుకని ఖాళీ నూనె పీపాల్లో కాంక్రీటు నింపి పునాదిగా దించాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. చనిపోయేదాకా ఆ పని మానలేదు. తర్వాత ఉప్పునీరు దాన్ని తినేసింది. భారతీయుల రాకకు 150 ఏళ్లు నిండిన 1995లో ప్రభుత్వమే దాన్ని తిరిగి కట్టించింది. ఇప్పుడు అక్కడికి నడిచి వెళ్లే దారికి రెండువైపులా జండీలు ఉంటాయి. పక్కనే ఒడ్డు మీద శ్మశానం, ఆరుబయట చితులు.

మన తెలుగువాళ్లకూ దీనికీ ఏమిటి సంబంధం అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అక్కడికి దగ్గర్లోనే, కారపిచైమాలో, 85 అడుగుల హనుమంతుడి విగ్రహం ఉంది. మన ఇళ్లలో చాలామందికి తెలిసిన మైసూరు గణపతి సచ్చిదానంద స్వామివారి దత్త క్షేత్రం అది. కానీ అసలు సంబంధం అంతకన్నా చాలా పాతది. తొలి దశాబ్దాల్లో మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. దీవిలో అందరికీ ఒకటే పేరు, మద్రాసీ. ఎవరు ఏ భాషవాళ్లో తర్వాతి తరాలకు గుర్తు లేదు. భాష పోయింది. పోనిది అమ్మవారు.

కాళీమాయి గుళ్లు అని అక్కడ కొన్ని ఉన్నాయి. లోపలికి అడుగు పెడితే ఉత్తరాది పూజ కనబడదు. తప్పెట మోగుతుంది. పసుపునీళ్లతో అమ్మవారికి స్నానం. వేపమండలు. పూనకం వచ్చిన పూజారి ముందు జబ్బుపడినవాళ్లు వరుసలో నిలబడతారు. ఆయన వేపమండతో తల నుంచి పాదం దాకా దులిపి దిష్టి తీస్తాడు. దాన్ని వాళ్లు ఝారే అంటారు. మారెమ్మను మారియమ్మ అనే పిలుస్తారు. మేకను, కోడిని బలి ఇచ్చే గుళ్లూ ఉన్నాయి. బలి మాని నిమ్మకాయ, కొబ్బరికాయ కొట్టే గుళ్లూ ఉన్నాయి. ఆ దీవిలోని పెద్ద హిందూ సంస్థలు చాలాకాలం ఈ పూజను చిన్నచూపు చూశాయి, ఇది అసలు హిందూమతమే కాదన్న మాటా వినిపించింది. ఊరి పొలిమేరలో పోలేరమ్మను కొలిచే మనం ఆ మాట ఒప్పుకోకూడదు.

అక్కడి కుటుంబాలు తమ మూలాలు వెతుక్కుంటూ వలస పత్రాల నకళ్లు పట్టుకుని ఇక్కడికి వస్తున్నాయి. ఆ పత్రాల మీద మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు ఉంటాయి. అవన్నీ చెవిన పడినట్టు గుమాస్తా ఇంగ్లీషులో రాసుకున్నవి. కాబట్టి స్పెల్లింగును కళ్లతో చదివితే ఊరు దొరకదు. నాలుగైదు రకాలుగా బిగ్గరగా పలికి, పాత తాలూకా పేర్ల పక్కన పెట్టి చూడాలి. పల్లె పేరు చివర ‘పాలెం’, ‘పేట’, ‘వాడ’ లాంటి ముక్క చెవికి తగిలితే, ఆ మనిషి మనవాడేమో చూడండి. మీ జిల్లా ఊళ్ల పేర్లు మీ నోటికి వచ్చినట్టు వాళ్లకు రావు.