గవర్నర్ కాకముందు అల్ట్‌గెల్డ్: స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. మే డే అంటే మనకు షికాగో, హేమార్కెట్ గుర్తొస్తాయి. షికాగో అమరవీరుల పేరు ఏటా మన సభల్లో వినబడుతుంది. 1886లో హేమార్కెట్‌ కార్మిక సభ దగ్గర పోలీసుల మీద బాంబు పడిన కేసులో శిక్ష పడి, బతికి మిగిలిన ముగ్గురిని 1893లో జైలు నుంచి విడిపించిన ఇల్లినాయ్ గవర్నర్ జాన్ పీటర్ అల్ట్‌గెల్డ్ గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. ఆయన ఆ కుర్చీ దాకా ఎలా వచ్చారు? మేడమ్, మీరు మొదలుపెట్టండి.

చరిత్ర అధ్యాపకురాలు: పుట్టింది జర్మనీలో, నీడర్ సెల్టర్స్ అనే ఊళ్లో, 1847 డిసెంబరు 30న. పసిబిడ్డగా ఉండగానే తల్లిదండ్రులు అమెరికా వచ్చేశారు. ఒహాయోలో మాన్స్‌ఫీల్డ్ దగ్గర సేద్యం. పిల్లాడు పొలం పనికి కావాలి, కాబట్టి చదువు అరకొరే. 16 ఏళ్లకే అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరాడు. వర్జీనియాలో జ్వరం పట్టుకుంది. చావు తప్పింది కానీ, ఆ జ్వరం జీవితాంతం తిరగబెడుతూనే ఉంది.

న్యాయవాది: ఆయన్ని లాయర్ని చేసింది కూడా ఆ ఒంట్లో బాగులేకపోవడమే అంటాను. తిరిగొచ్చి కొన్నాళ్లు బడిపంతులుగా చేశారు. 1869లో ఇల్లు వదిలి, ఆర్కన్సాలో రైలు మార్గం వేసే కూలీల ముఠాలో చేరారు. అక్కడ మళ్లీ మంచాన పడ్డారు. ఇక ఒళ్లు వంచి చేసే పని సాగదని తేలిపోయింది. మిసోరీ చేరి లా చదువుకుని 1871లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. పార పట్టుకున్న మనిషి రెండేళ్లలో కోర్టులో నిలబడ్డాడండీ!

యాంకర్: రాజకీయాల్లోకి అప్పుడేనా?

న్యాయవాది: 1874లో. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం వేస్తుంది, అక్కడ జనం ఓటేసి ఎన్నుకుంటారు. ధాన్యం రవాణాకు రైల్వే కంపెనీలు గుంజుతున్న చార్జీల మీద రైతులు తిరగబడ్డ కాలమది. ఆ గ్రేంజర్ ఉద్యమం అండతో మిసోరీలోని ఆండ్రూ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి దానికి, ప్రాసిక్యూటర్‌గా గెలిచారు. మరుసటి ఏడే అది వదిలేసి షికాగో వెళ్లిపోయారు.

చరిత్ర అధ్యాపకురాలు: అక్కడ స్థలాలు, భవనాల వ్యాపారంలో బాగా సంపాదించారు. ఒకప్పుడు పిల్లనివ్వనన్న ఇంటి అమ్మాయి ఎమ్మా ఫోర్డ్‌నే 1877లో పెళ్లాడారు. ఇవన్నీ ఒక ఎత్తు, 1884లో రాసిన పుస్తకం ఒక ఎత్తు. జైళ్ల గురించి. పట్టుబడేది ఎక్కువగా పేదవాళ్లేననీ, జరిమానా కట్టలేక లోపలికి పోయినవాడు నేరస్థుడై బయటికొస్తాడనీ వాదించారు. ఒకప్పుడు జనాన్ని జైలుకు పంపించిన ప్రాసిక్యూటర్ రాసిన మాటలివి! ఒహాయోలో అది చదివిన కుర్ర లాయర్ క్లారెన్స్ డారో, షికాగో వచ్చాక వెతుక్కుంటూ వెళ్లి ఆయన్ని కలుసుకున్నారు.

యాంకర్: మరి 1886 మే 4న హేమార్కెట్‌లో బాంబు పడ్డప్పుడు?

న్యాయవాది: నాకు మింగుడుపడనిది అదే. ఆ ఏడాదే ఆయన షికాగో ఉన్న కుక్ కౌంటీ సుపీరియర్ కోర్టుకు జడ్జిగా ఎన్నికయ్యారు. బాంబు కేసులో 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీశారు. అంతకుముందు వాళ్ల క్షమాభిక్ష కోసం పెద్దపెద్దవాళ్లు కదిలారు. హెన్రీ లాయిడ్ అనే పాత్రికేయుడైతే మామగారి ఆస్తినే పోగొట్టుకున్నారు. ఆ మామగారు షికాగో ట్రిబ్యూన్ యజమానుల్లో ఒకరు. అల్ట్‌గెల్డ్ మాత్రం ముందుకు రాలేదు. జడ్జిగిరీ, వ్యాపారం, పలుకుబడి చూసుకున్నారనే నా బాధ.

చరిత్ర అధ్యాపకురాలు: ఆ మాట కాదనను సార్. కానీ తర్వాత చూడండి. 1892లో గవర్నర్ ఎన్నికల్లో గెలిచారు. ఇల్లినాయ్‌కి విదేశంలో పుట్టిన తొలి గవర్నర్. ప్రమాణ స్వీకారం నాటికీ అనారోగ్యమే, ప్రసంగం ఇంకొకరు చదివి పూర్తిచేయాల్సి వచ్చింది. విడుదల సంతకం పెట్టమని డారో తొందరపెడుతున్నారు. ఈయన కేసు రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. 1893 జూన్ 26న ఆ ముగ్గురినీ, ఫీల్డెన్, నీబీ, ష్వాబ్‌లను విడుదల చేశారు.

న్యాయవాది: ఊరికే దయ చూపి వదిలేస్తే ఎవరూ అంతగా ఏమీ అనేవాళ్లు కాదు.

చరిత్ర అధ్యాపకురాలు: అదే కదా! శిక్ష పడ్డవాళ్లకు అనుకూలంగా ఆలోచించేవాళ్లు జ్యూరీలోకి రాకుండా ఏరి కూర్చారనీ, బాంబు విసిరిందెవరో రుజువే కాలేదనీ, ఆ కేసు విచారించిన జడ్జి గ్యారీ పక్షపాతంతో నడిపించారనీ కాగితం మీద రాసిచ్చారు. పత్రికలు విరుచుకుపడ్డాయి. 1896 ఎన్నికల్లో ఓడిపోయారు.

న్యాయవాది: ఆ తీర్పు తీరు 1887లోనూ కళ్ల ముందే ఉంది మేడమ్. అప్పుడు ఆ నాలుగు ముక్కలూ రాసి ఉంటే ఉరికంబం ఆగేదో లేదో గానీ, నా గౌరవం ఇంకాస్త పెరిగేది.

చరిత్ర అధ్యాపకురాలు: జడ్జి రాస్తే అది అభిప్రాయం, గవర్నర్ రాస్తే జైలు తలుపు తెరుచుకుంటుంది. అధికారం చేతికొచ్చాక ఆరు నెలల్లోపే తెరిచారు. నా లెక్కలో అదే పెద్దది.