పేరు వినగానే మందు తీయకండి

(నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు చేసిన ప్రసంగం)

పిల్లలూ, మొదటి ఏడాదిలో మిమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఈ ఇంగ్లీషు పేర్లే. మీలో చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చారు, అందుకే తికమక పడుతున్నామని అనుకోకండి. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే మాట్లాడేవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు.

ముందు హైపో, హైపర్ చూద్దాం. గ్రీకు భాషలో హైపో అంటే కింద, హైపర్ అంటే పైన. బోర్డు మీద రాస్తే తేలికే. కానీ రాత్రి డ్యూటీలో, వార్డు గోలలో, ల్యాబ్ వాళ్లు ఫోన్‌లో చెప్పింది హైపోకలీమియానా, హైపర్‌కలీమియానా? అంటే రక్తంలో పొటాషియం తగ్గిందా, పెరిగిందా? రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. బాగా తగ్గితే పొటాషియం క్లోరైడ్‌ను సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తారు. అప్పటికే పెరిగి ఉన్న మనిషికి అదే ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. షుగర్ సంగతీ అంతే. 70 కంటే పడిపోయిన మనిషికి గ్లూకోజ్ కావాలి. మాట తప్పుగా విని ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని ఫోన్‌లో విన్నది వెంటనే తిరిగి చెప్పండి, అంకెతో సహా చెప్పండి. తెలుగులో చెబితే మరీ మంచిది. అయితే తక్కువ, ఎక్కువ అనే మాటలు కూడా చప్పుడులో ఒకేలా వినిపిస్తాయి. 'పొటాషియం తగ్గింది, రెండు పాయింట్ ఎనిమిది' అనండి. అవతలివాళ్లు ఔనన్నాకే కేస్ షీట్‌లో రాయండి.

ఇలియం అనే పేరుతో శరీరంలో రెండున్నాయి. స్పెల్లింగులో మూడో అక్షరం 'ఈ' అయితే చిన్నపేగు చివరి భాగం, 'ఐ' అయితే తుంటి ఎముక పైభాగం. డిస్ఫేజియా కూడా మన నోట రెండు జబ్బులకూ ఒకటే. 'జీ' అక్షరంతో రాస్తే మింగలేకపోవడం, 'ఎస్'తో రాస్తే మాట సరిగా రాకపోవడం. స్ట్రోక్ వచ్చినవాళ్లలో రెండూ కనిపిస్తాయి కాబట్టి ఇది నిజంగా ప్రమాదం. మింగలేని మనిషికి మాటే రావడం లేదనుకుని అన్నం పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందుల పేర్లు ఇంకా కష్టం. ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్‌ను అమెరికాలో మొదట లోసెక్ పేరుతో అమ్మారు. ఒంట్లో చేరిన నీటిని తగ్గించే లాసిక్స్‌తో కలగాపులగం అవుతోందని 1990లో దాన్ని ప్రిలోసెక్‌గా మార్చారు. 2017లో అక్కడే టెనెస్సీ రాష్ట్రంలో, స్కాన్‌కు వెళ్లిన ఒక పెద్దావిడకు ఆందోళన తగ్గించే వెర్సెడ్ ఇవ్వమన్నారు. నర్సు మందుల మెషీన్‌లో 'వీ', 'ఈ' అని మొదటి రెండక్షరాలు కొట్టింది. వచ్చింది వెక్యురోనియం. అది కండరాలన్నిటినీ స్తంభింపజేసే మందు, ఊపిరి తీసుకోవడానికి వాడే కండరాలతో సహా. ఆవిడ చనిపోయింది. 2022లో కోర్టు ఆ నర్సును దోషిగా తేల్చింది. ఆ సంగతి చదివినప్పుడల్లా ఆ పెద్దావిడ గురించీ, ఆ నర్సు గురించీ నాకు బాధ కలుగుతుంది. వెర్సెడ్ ఆ మెషీన్‌లో మిడజోలామ్ అనే జెనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా మందు అసలు పేరుతో ఉంది. రెండక్షరాలకే మందు చూపించే మెషీన్ తప్పు కూడా ఇందులో ఉందని నా అభిప్రాయం. ఆ తర్వాతే కనీసం ఐదక్షరాలు కొట్టాలన్న సూచన గట్టిగా వచ్చింది.

మన దేశంలో డాక్టర్లు జెనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. అయినా గొలుసుకట్టు రాత మీకు తప్పదు. చదవలేకపోతే ఊహించకండి, అర్ధరాత్రయినా ఫోన్ చేయండి. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. 'సార్, స్పెల్లింగ్ చెప్పండి' అని అడగండి, 'ఇది దేనికిస్తున్నాం సార్' అని కూడా అడగండి. ఈ రెండో ప్రశ్న చాలామంది అడగరు. పేర్లు దగ్గరగా ఉన్నా ఆ మందులు చాలావరకు వేర్వేరు జబ్బులవి. కాళ్ల వాపుకని చెబితే అది లాసిక్స్, కడుపులో మంటకని చెబితే లోసెక్.