మొక్క లెక్క, మన తొందర

శ్రోతలందరికీ నమస్కారం.

పూల కుండీలు ఉన్న ఇంట్లో పొద్దున లేవగానే కాళ్లు ముందు అటే నడుస్తాయి. నిన్న కనీకనిపించనట్టున్న మొగ్గ ఈరోజు కాస్త రంగు చూపించిందా, పక్క కొమ్మకు చిగురేమైనా వచ్చిందా అని వంగి చూస్తాం. ఒక్క పువ్వు విచ్చుకున్నా ఇంట్లో అందర్నీ పిలిచి చూపిస్తాం. పువ్వు లేకపోగా నిన్నటి మొగ్గ కూడా కింద రాలిపడి ఉంటే మనసు చివుక్కుమంటుంది. "నా చేత్తో వేస్తే ఏ మొక్కా బతకదు" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. పూల మొక్క లెక్క పూల మొక్కకు ఉంటుంది. ఆ లెక్క తెలియకే మనకు చాలా విసుగు పుడుతుంది.

గులాబీనే తీసుకోండి. నర్సరీలో విరగబూసిన మొక్కను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటాం. వారం తిరిగేసరికి ఆకులు పసుపుబారి రాలతాయి. వెంటనే టెన్షన్ పడిపోయి కుండీ మారుస్తాం, ఎరువు వేస్తాం. చోటు మారినప్పుడు, వెలుతురు మారినప్పుడు పాత ఆకులు కొన్ని రాల్చుకోవడం మొక్కకు మామూలే. కుదురుకునేదాకా దాన్ని కదిలించకుండా ఉంచడమే మేలు. గులాబీతో ఇంకో చిక్కు కూడా ఉంది. మనం కొనేవాటిలో చాలావరకు అంటు కట్టినవే. అంటు కిందనుంచి ఒక్కోసారి ఏపుగా కొమ్మ లేస్తుంది. మొక్క తేరుకుందని మురిసిపోతాం. కానీ ఆ కొమ్మ అంటు కట్టడానికి వాడిన నాటు మొక్కది. దాన్ని మొదలంటా తీసేయకపోతే సత్తువంతా అదే లాగేసుకుంటుంది, పైన ఉన్న అసలు గులాబీ క్షీణించిపోతుంది.

నీళ్ల విషయం చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. వేళ్లకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి పైన ఆకులు వాడిపోతాయి. వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తాం. మొక్క ఇంకా త్వరగా పోతుంది. అందుకే ఆకును చూసి నీళ్లు పోయకూడదు, మట్టిలోకి రెండు కణుపుల దాకా వేలు పెట్టి చూసి పోయాలి. ఎరువు కూడా అంతే. నత్రజని ఎక్కువైతే మొక్క పచ్చగా, గుబురుగా పెరుగుతుంది గానీ పూత తగ్గుతుంది.

చామంతి లెక్క వీటన్నిటికన్నా విచిత్రం. రాత్రి పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొలంలో ఎంత పెరిగినా పూయని ఒక పొగాకు రకాన్ని పట్టుకుని ఈ రహస్యం తేల్చారు. మధ్యాహ్నం దాటగానే మొక్కల్ని చీకటి గదిలోకి చేర్చి పగటిని కుదించారు. అవి పూశాయి. 1920లో ఆ సంగతి ప్రచురించారు. మొక్క కొలుచుకునేది పగటిని కాదు, ఎడతెగని చీకటినేనని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఇప్పుడు మన చామంతి కుండీ ఎక్కడుందో చూడండి. రాత్రంతా వెలిగే బల్బు కిందో, వీధిదీపం వెలుతురు పడే గోడ పక్కనో ఉంటే దానికి రాత్రి చాలడం లేదన్నమాట. ఎరువులు మార్చి ప్రయోజనం లేదు. కుండీని చీకటిగా ఉండే మూలకు జరపాలి.

మల్లెకు కావలసింది కత్తిరింపు. దాని మొగ్గలు కొత్త చిగుళ్ల కొసల్లో వస్తాయి. చలికాలం చివర మనసు రాయి చేసుకుని కొమ్మలు కత్తిరించినవాళ్లకే ఎండలు ముదిరేసరికి చెట్టు తెల్లబడుతుంది.

మందారం దగ్గర మాత్రం ఓపిక నిజంగా పరీక్షకు నిలబడుతుంది. లేత కొమ్మ చివర, మొగ్గ తొడిమ చుట్టూ తెల్లటి దూది అంటుకున్నట్టు కనిపిస్తుంది. అదే పిండినల్లి. దానికన్నా ముందు చీమల బారు కనిపిస్తుంది, అక్కడే మేలుకోవాలి. పిండినల్లి రసం పీల్చి తీయటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కోసం చీమలు దాన్ని కాపు కాస్తాయి, తినడానికి వచ్చే అక్షింతల పురుగుల్ని కూడా తరిమేస్తాయి. కాబట్టి చీమల్ని ఆపకుండా పిండినల్లిని వదిలించడం కష్టం. పాత టూత్‌బ్రష్‌ను సబ్బునీళ్లలో ముంచి రుద్ది, ఆ తర్వాత లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం ద్రవ సబ్బు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లాలి. వారం తర్వాత మళ్లీ చల్లాలి. ఒకసారితో పోయేది కాదు.

ఇవన్నీ చేసినా కొన్ని మొక్కలు పోతాయి. ఏళ్లుగా పూసిన గులాబీ ఒక కొమ్మ నుంచి మొదలుపెట్టి నల్లబడుతూ కిందికి ఎండిపోతుంటే ఎన్నిసార్లు కత్తిరించినా ఆగని సందర్భాలుంటాయి. ఆ బాధ నాకు చిన్నదనిపించదు. అన్నాళ్లు చూసుకున్న ప్రాణి మరి.

ఇంత పడీ ఎందుకు పెంచాలంటే, పక్కన కూర్చుని చూసేవాళ్లకు మొక్క చూపించేవి ఉన్నాయి గనక. పూలు విచ్చుకునే వేళల్ని బట్టి గడియారం తయారుచేయవచ్చని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1751లోనే రాశాడు. నాలుగు కుండీలున్నా ఆ గడియారం ఇంట్లో నడుస్తుంది. నాచుపూలు ఎండెక్కితే గానీ విప్పుకోవు, మబ్బు పడితే ముడుచుకుంటాయి. చంద్రకాంత సాయంత్రం మొదలుపెడుతుంది. మల్లె పొద్దుగూకాక.

కనకాంబరం మీ దగ్గర ఉంటే, అందులోనూ గింజ కట్టే రకమైతే, ఒక పని చేయండి. మామూలుగా వాడిన పూలు తుంచేస్తేనే మొక్క మళ్లీ పూతకు వస్తుంది. కానీ ఒకటి రెండు కంకులు మాత్రం అలాగే వదిలేసి ఎండనివ్వండి. గోధుమరంగు తిరిగాక వాటి మీద కాసిని నీళ్లు చిలకరించి చెవి దగ్గర పెట్టుకోండి. కాయలు టప్, టప్‌మని పగిలి గింజలు దూరంగా ఎగిరి పడతాయి. పిల్లల్ని పిలిచి చూపించండి, గింజలు ఏరే పని వాళ్లకే అప్పజెప్పండి. వాటిని తేలికపాటి మట్టి మీద చల్లి, పైన పలచగా ఇంకాస్త మట్టి కప్పి, తడి ఆరకుండా చూసుకుంటే కొత్త నారు సిద్ధమవుతుంది.

సెలవు. నమస్కారం.