పిన్ని బకెట్టులో బాబాయి బీకేసీ

శ్రోతలందరికీ నమస్కారమండి. ఇవాళ ఇల్లు తుడుచుకునే మందు గురించి మాట్లాడమన్నారు. సైకిలు మీద అరుచుకుంటూ వచ్చే ఫినాయిల్ గురించి కాదండి, ఈమధ్య కాన్సంట్రేట్ అని చిన్న సీసాలు వస్తున్నాయి కదా, ఒక్క మూత పోస్తే బకెట్టు నీళ్లకి సరిపోద్ది అంటారు, వాటి గురించి. అవి మన ఒంటికి మంచివేనా, మన కాలవలకి మంచివేనా అని. నాకిచ్చింది పది నిమిషాలు, అందులో ఒక నిమిషం నా దగ్గుకే పోద్ది. అందుకని మా పిన్ని గోలెం కథ ఒక్కటి చెప్తాను, అది చాలు.

మా పిన్నీ వాళ్లది భీమవరం దగ్గర ఓ పల్లెటూరు. ఇంటి ముందు పంటబోదె, ఇంటి వెనక మురుగుకోడు, ఆ పైన ఎటు చూసినా రొయ్యల చెరువులే. బాబాయికి కూడా రెండున్నాయి. పెరట్లో బోరు పక్కన పెద్ద సిమెంటు గోలెం ఒకటుంది, సుమారు 200 లీటర్లు పడుతుంది, అందులో నీళ్లు అరటిమొక్కలకి పోస్తారు. దోమ పిల్లల్ని తినేస్తాయని బాబాయి దాంట్లో గప్పీ చేపలు వదిలాడు. నల్లగా చిన్నచిన్నవి, తోక మాత్రం రంగురంగులు. మా పిన్ని పొద్దున్నే వాటికి చిటికెడు నూక వేసి గాని కాఫీ తాగదు.

ఓ రోజు పిన్ని కొత్త సీసా కొంది. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ, నూరు శాతం సేఫ్ అని, బయోడిగ్రేడబుల్ అని పెద్ద అక్షరాలు. ఇల్లంతా తుడిచింది, బకెట్టులో సగం నీళ్లు మిగిలాయి, సేఫే కదా, అరటిమొక్కలకే కదా వెళ్లేది, నీళ్లు దండగెందుకని గోలెంలో కుమ్మరించింది. తెల్లారి చూస్తే చేపలన్నీ పైకి తేలిపోయున్నాయండి. ఒక్కటి కూడా మిగల్లేదు. నేను ఆ వారం అక్కడే ఉన్నాను. కెమిస్ట్రీ చెప్పుకుని బతికినవాణ్ణి కాబట్టి సీసా నా చేతికొచ్చింది, పైగా ఆ తప్పేదో నేనే చేసినట్టు పిన్ని నాకేసి చూడటం.

వెనకాల లేబుల్ చదవడానికి నా కళ్లద్దాలు చాల్లేదండి, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. బెంజాల్కోనియం క్లోరైడ్, 4 శాతం. నేను ఆ పేరు కూడబలుక్కుంటుంటే బాబాయి వాకిట్లోంచే అన్నాడు, "అది బీకేసీయే కదరా, మేం చెరువులకి వేసేది, కాకపోతే మా డబ్బా 50 శాతం ఉంటుంది." రొయ్యల రైతులు వింటుంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. బీకేసీ అంటే ఆ పొడుగాటి పేరుకి పొట్టిపేరే, చెరువులో పురుగూ పుట్రా బాక్టీరియా పోవాలని వేసే మందే అది. బాబాయి దాన్ని వేసే ముందు ఎన్ని ఎకరాలు, నీటి లోతెంత, రంగెలా ఉంది అని లెక్క కట్టుకుంటాడు, ఎక్కువైతే నీటి రంగు పడిపోద్ది, రొయ్య దెబ్బతింటుంది. ప్రోబయోటిక్ వేసిన రోజుల్లో అయితే దాని జోలికే వెళ్లడు, మంచి బాక్టీరియా కూడా చచ్చిపోతాయి కదా. అంత లెక్క తెలిసిన మనిషి ఇంట్లో, అదే మందు, కంటి అందాజుతో బకెట్టులోకి!

"పిన్నీ, ఎంత పోశావు?" అన్నాను. "మామూలుగానే పోశాన్రా." ఆ మామూలెంతో చూద్దామని ఖాళీ గ్లాసులోకి పొయ్యమన్నాను. పోసింది. పిల్లల దగ్గు సిరప్పు కప్పు ఉంటుంది కదా, ప్లాస్టిక్‌ది, గీతలుంటాయి, దాంతో కొలిచాం. 90 మిల్లీలీటర్లు. లేబుల్ ఏమంటుంది? 5 లీటర్ల నీళ్లకి ఒక మూత. ఆ మూత నింపి కొలిస్తే 15. అంటే ఆరు మూతలండి. ఆరు. ఎందుకు పిన్నీ అంటే, "వాసన రావాలి కదరా."

ఇప్పుడు గోలెం లెక్క చూడండి, విసుక్కోకుండా వినండి. 90 మిల్లీలో 4 శాతం అంటే 3600 మిల్లీగ్రాములు. సగం ఇంటి గచ్చుకి పోయింది, సగం గోలెంలోకొచ్చింది, 1800. గోలెం 200 లీటర్లు, కాబట్టి లీటరుకి 9 మిల్లీగ్రాములు. ఈ మందు లీటరుకి ఒకటి రెండు మిల్లీగ్రాములుంటే చాలు, చాలా రకాల చేపలకి ఎక్కువే. అంటే పిన్ని లేబుల్ ప్రకారం ఒక్క మూతే పోసున్నా గోలెంలో లీటరుకి ఒకటిన్నర పడేది, అప్పుడూ ఆ గప్పీల పని అనుమానమే. ఇది చెప్తే పిన్నికి కాస్త ఊరట, "చూశావా, నా ఒక్కదాని తప్పు కాదు" అంది. నిజమే. ఎంత పోశామన్నది ఒకటి, ఎక్కడ పారబోశామన్నది ఇంకొకటి.

మరి సీసా మీద బయోడిగ్రేడబుల్ అని ఉందిగా, అబద్ధమా? అబద్ధమే అవ్వక్కర్లేదండి. ఆ మాట వెనక ఉండే మామూలు టెస్టులో వస్తువుని సూక్ష్మజీవులున్న నీళ్లలో వేసి 28 రోజులు చూస్తారు, అందులో 60, 70 శాతం విరిగిపోతే తేలిగ్గా కలిసిపోయే సరుకు అంటారు. 28 రోజులు! మా గోలెంలో చేపలు ఒక్క రాత్రి కూడా ఆగలేదు. చేపల సంగతి చూసే టెస్టు వేరే ఉంది, 96 గంటల్లో సగం చేపల్ని చంపే మోతాదు ఎంతో చూస్తారు, ఆ నంబరు ఎంత చిన్నదైతే మందు అంత ఘాటు. ఈ నంబర్లు సీసా మీద ఉండవు. తయారీవాళ్లు ఇచ్చే సేఫ్టీ డేటా షీటు అని 16 సెక్షన్ల కాగితం ఉంటుంది, రెండోదాంట్లో మనిషికి ప్రమాదాలు, పన్నెండోదాంట్లో నీటికీ చేపలకీ సంగతి. నాకు కాగితం దొరికితే ముందు పన్నెండే తిప్పుతాను. చాలాసార్లు అక్కడ వివరాలు అందుబాటులో లేవు అని ఉంటుంది. లేవు అంటే ఫరవాలేదు అని కాదండి, చూడలేదు అని.

మనుషుల సంగతి కూడా గబగబా చెప్పేస్తాను, టైమైపోతోంది. నీళ్లలో కలిపాక చేతికి అంత ఇబ్బంది పెట్టని సరుకే, సీసాలో చిక్కగా ఉన్నప్పుడు చర్మాన్నీ కంటినీ కాలుస్తుంది. పిన్ని వేళ్ల సందుల్లో చర్మం పొట్టులేవడం నేను అప్పుడే చూశాను, బట్ట పిండేటప్పుడు గ్లౌజు వేసుకోమన్నాను. కంట్లో పడితే పావుగంట పాటు పంపు నీళ్లతో కడుగుతూనే ఉండాలి. పిల్లలు తాగితే వాంతి చేయించకండి, చేయించకండి, 108కి ఫోన్ చేసి సీసా కూడా వెంట పట్టుకెళ్లండి. దాన్ని కూల్‌డ్రింకు సీసాలోకి పోసి దాచడం మాత్రం అస్సలొద్దు. ఇంకోటి, బాత్రూమ్ యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు. ఇక బట్టల పౌడరూ ఈ బీకేసీ మందూ ఒకే బకెట్టులో వేస్తే గ్యాసేమీ రాదుగాని ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ పనికిరాకుండా పోతాయి, డబ్బులు దండగ.

ఇక పారబోసేది ఎక్కడ. కొండమీద ఊళ్లో అయితే ఏమో గాని మన డెల్టాలో ఇది తమాషా వ్యవహారం కాదండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మనం కాలవకీ కోడుకీ మధ్యే బతుకుతున్నాం. ఈ రేవులో గిన్నెలు తోమితే ఆ నురగ పక్క ఊరి రేవుకి వెళ్తుంది, అదే నీళ్లు మంచినీళ్ల చెరువుకి ఎక్కించుకుంటాం, వేసవిలో కాలవలు కట్టేస్తే అవే తాగాలి. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ వంతెన మీద నిలబడి ఒకసారి కిందకి చూడండి, నేను వేరే చెప్పక్కర్లేదు. అందుకని మిగిలిన నీళ్లు బోదెలోనూ చెరువులోనూ వద్దు. బాత్రూమ్ తూములోంచి సెప్టిక్ ట్యాంకుకి పోనివ్వండి, అదీ పలచగా, కొద్దిగా. ఎందుకంటే ట్యాంకులో పనిచేసేది కూడా బాక్టీరియాయే, బాబాయి ప్రోబయోటిక్ లాగే, ఆరు మూతలు పోస్తే అవీ చస్తాయి. అసలు మంచి పద్ధతేంటంటే ఎంత కావాలో అంతే కలుపుకోవడం, మిగలకుండా.

కాబట్టి ఇవాళ ఒక్క పని చేయండి. మీ ఇంట్లో సీసా మూత ఎంతో కొలవండి. సిరప్పు కప్పు లేకపోతే 5 మిల్లీ సిరంజి మందుల షాపులో దొరుకుతుంది. మూత ఎంతో, మీ బకెట్టు ఎన్ని లీటర్లో రెండూ స్కెచ్ పెన్నుతో సీసా మీదే రాసేయండి. మా పిన్ని సీసాకి ఆ సిరప్పు కప్పు పురికొసతో కట్టేసి ఉందిప్పుడు. బాబాయి గోలెం కడిగి నీళ్లు మార్చి కొత్త గప్పీలు తెచ్చాడు, అవి పిల్లలు కూడా పెట్టాయి.

మొన్న ఫోన్ చేసింది పిన్ని. సీసా ఇంకా సగమైనా అవ్వలేదట. కాని ఒకటే గోల, "వాసన రావట్లేదురా, తుడిచినట్టే లేదు" అని. వాసన సెంటుది పిన్నీ, శుభ్రానిది కాదు అన్నాను. కాసేపాగి, "ఏమోరా, రెండు మూతలు పోస్తే ఏమవుద్ది?" అంది.