ముసలి కుక్కను గేటుకు కట్టేసి పోయినారు, ఇప్పుడేం చేయాలి? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. పెంపుడు జంతువుల డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు, మీరు ఫోన్ చేయడమే ఆలస్యం. హలో, ఎక్కడి నుంచమ్మా?

కాలర్: హలో... వినపడతా ఉందా సార్?

యాంకర్: వినపడుతోందమ్మా. ఆ రేడియో సౌండ్ తగ్గించండి.

కాలర్: తగ్గించినా సార్. బైరాగిపట్టెడ నుంచి. మా పక్క వీధిలో బాడుగకు ఉన్నోళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతా పోతా కుక్కని గేటుకి కట్టేసి పోయినారు. ల్యాబ్రడారే అనుకుంటా, ముసలిది, మూతంతా తెల్లబడిపోయింది. ఇంటి ఓనరేమో తాడు విప్పి తరిమినాడు, అది పోదు సార్, తిరిగి తిరిగి ఆ గేటు కాడికే వచ్చి పడుకుంటుంది. మా ఆయన మనకెందుకే అన్నాడు, అయినా మనసొప్పక తీసుకొచ్చి మెట్ల కింద పెట్టుకున్నా. ఉత్త ఎముకల గూడు సార్. బెల్టు తీద్దామని చూస్తే మెడ కండలోకి దిగిపోయి ఉంది, ఒకటే వాసన...

డాక్టర్: బెల్టు లాగినావా?

కాలర్: కొంచెం లాగితే గుర్రుమనింది, వదిలేసినా.

డాక్టర్: మంచి పని చేసినావు, ఇంక ముట్టొద్దు. మత్తిచ్చి కోసి తీయాల అది. పురుగులు కనపడుతున్నాయా?

కాలర్: తెల్లగా ఏవో కదలతా ఉన్నాయి సార్. మా మామ కిరోసిన్ పోయమన్నాడు.

డాక్టర్: వద్దు వద్దు. కిరోసిన్ వద్దు, పెట్రోలు వద్దు, కాలిన ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. చర్మం కాలిపోతుంది, పైగా అది నాక్కుంటే లోపలికి పోతుంది. ఇంతకీ ఏం తింటోంది?

కాలర్: అదే సార్ నా బాధ. సంగటి పెట్టినా, చికెన్ పెట్టినా, వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. నొప్పేమో అని మా ఆయన జ్వరం మాత్ర సగం విరిచి...

డాక్టర్: వేసినారా?

కాలర్: వేద్దామని...

డాక్టర్: వేయొద్దు తల్లీ! ప్రతి కార్యక్రమంలో ఇదే మొత్తుకుంటున్నా. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్, మనుషుల నొప్పి మాత్ర ఏదీ డాక్టర్‌ని అడక్కుండా కుక్కకి వేయకూడదు. కడుపులో పుండ్లు పడతాయి, లివరు, కిడ్నీలు దెబ్బతింటాయి. సరే, నీళ్ళు ఎట్లా తాగుతోంది?

కాలర్: నీళ్ళు మాత్రం గిన్నె పెడితే గిన్నె ఖాళీ సార్.

డాక్టర్: ఆడదా?

కాలర్: ఆడదే.

డాక్టర్: తోక కింద చీము లాంటిది కారుతోందా?

కాలర్: ఎప్పుడు చూసినా నాక్కుంటా ఉంటుంది సార్, కింద గోనెపట్టా కూడా మరకలు. ముసలితనం కదా, గలీజు అనుకున్నా.

డాక్టర్: ఇదే నేను చెప్పేది, అన్నీ ముసలితనం ఖాతాలో వేసేస్తారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయని ఆడకుక్కకి వయసు మీద పడినాక గర్భసంచిలో చీము పడుతుంది, పయోమెట్రా అంటారు. ఎదకొచ్చి పోయిన కొన్ని వారాలకి మొదలవుతుంది. దాహం, తిండి మానడం, చీము కారడం, అన్నీ సరిపోతున్నాయి. కిడ్నీ జబ్బు, షుగరు ఉన్నా నీళ్ళు ఎక్కువ తాగుతాయి కాబట్టి స్కానింగ్, రక్తపరీక్ష చేస్తే గానీ తేలదు. రేపు మాపు అనొద్దు, ఈరోజే పో. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రి ఉండనే ఉంది, ఒక ఆటో మాట్లాడుకో.

కాలర్: ఇంత వయసులో ఆపరేషన్ అంటే తట్టుకుంటుందా సార్?

డాక్టర్: వయసు చూసి చెప్పేది కాదమ్మా, గుండె, కిడ్నీలు ఎట్లున్నాయో చూసి చెప్తారు. వదిలేస్తే మాత్రం ఆ చీము విషమై రక్తంలో కలుస్తుంది.

కాలర్: అయితే ఈ రాత్రికి నొప్పి తగ్గను ఆ సగం మాత్ర...

డాక్టర్: అమ్మా! ఇప్పుడేగా చెప్పింది! రాత్రి దాకా ఎందుకు, ఫోన్ పెట్టేసి బయల్దేరు. తీసుకుపోయేటప్పుడు మూతికి మెత్తటి గుడ్డ కట్టు, నొప్పిలో ఉన్నప్పుడు ఎంత మంచి కుక్కైనా కరుస్తుంది. తిండి మొదలెట్టినాక ఒకేసారి గిన్నె నిండా పెట్టొద్దు. పస్తులున్న ఒంటికి అదే ప్రమాదం. మెత్తటి అన్నం, ఉడికించిన కోడిమాంసం, ఉప్పూ కారం ఉల్లిపాయ లేకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు.

యాంకర్: థాంక్యూ అమ్మా. చిత్తూరు నుంచి ఇంకొకరు, చెప్పండి.

కాలర్: సార్, గుడి దగ్గర ముసలి కుక్కకి బిస్కెట్ పెడతా ఉంటే పన్ను గీసుకుంది. రక్తం కొంచెమే వచ్చింది. పసుపు పెట్టినా.

డాక్టర్: పసుపు కడిగెయ్. కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, నేరుగా ప్రభుత్వాస్పత్రికి పో. రక్తం వచ్చింది కాబట్టి రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడుగు, అది గాయం దగ్గర వేసే రేబిస్ విరుగుడు మందు. చర్మంలో వేసే టీకా అయితే మొదటి రోజు, దాన్ని సున్నా అని లెక్కపెట్టి తర్వాత 3, 7, 28వ రోజుల్లో. ఒక్కటీ ఎగ్గొట్టొద్దు.

కాలర్: అది బాగానే ఉంది సార్, రోజూ...

డాక్టర్: కుక్క బాగుందా లేదా తర్వాత, ముందు నువ్వు పో.

యాంకర్: తర్వాత చంద్రగిరి.

కాలర్: సార్, మా కుక్కకి పన్నెండేళ్ళు. కళ్ళు నీలంగా పొగలాగా అయినాయి. చుక్కల మందు ఏమన్నా...

డాక్టర్: గోడలకి గుద్దుకుంటోందా?

కాలర్: లేదు సార్, బాగానే నడుస్తుంది.

డాక్టర్: అయితే వయసుతో వచ్చే మార్పే అయ్యుంటుంది, దానికి చుక్కలు అక్కర్లేదు. ఒకసారి చూపించండి, శుక్లమా కాదా తేలిపోతుంది.

యాంకర్: పలమనేరు, చెప్పండి.

కాలర్: మొదట మాట్లాడిన మేడం చెప్పింది విన్నా సార్, కడుపు మండిపోయింది. అట్లా వదిలేసి పోయినోళ్ళ మీద కేసు పెట్టొచ్చు కదా?

డాక్టర్: పెట్టొచ్చు. 1960 జంతు హింస నిరోధక చట్టంలో 11వ సెక్షన్, ఆకలి దప్పులతో అల్లాడేలా వదిలేయడం నేరమే. కానీ మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా, 10 రూపాయల నుంచి 50 రూపాయలు. రెండు దోసెలకి కూడా రాదు. అయినా ఫోటోలు తీసి పెట్టుకుని, ఓనరు దగ్గర వాళ్ళ వివరాలు తీసుకుని స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వండి. కాగితం మీద ఉండాల కదా.

యాంకర్: టైమ్ అయిపోవచ్చింది, ఆఖరి కాల్. హలో?

కాలర్: సార్, పుంగనూరు నుంచి. మా జెర్సీ ఆవు నిన్నటి నుంచి పాలు తగ్గించేసింది...

యాంకర్: అన్నా, ఈరోజు కుక్కలండీ. ఆవుల గురించి వచ్చే వారం.

కాలర్: వచ్చే వారం దాకా పాలెట్లా సార్?

డాక్టర్: 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు వస్తుంది. పొదుగు వాచిందా?

యాంకర్: సార్, టైమ్ లేదు...