ప్రేమకు జత వెతక్కండి: ఫ్రెంచి కవితపై ఫోన్-ఇన్

యాంకర్: హనుమకొండ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్, నమస్కారం మేడమ్. నేను ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. ఫ్రెంచి కవి అపొలినేర్ రాసిన 'మిరాబో వంతెన' కవితని తెలుగు చేస్తున్నా. అందులో రెండు పాదాలు పల్లవిలా నాలుగుసార్లు వస్తాయి. విసుగొస్తుందేమోనన్న టెన్షన్‌తో ప్రతిసారీ మాటలు మార్చాను. మా ఫ్రెండ్ బాగాలేదంటోంది.

మేడమ్: ఆ అమ్మాయి మాటే నిజం. ఆ పాదాలు చదవండి.

శ్రోత: "రాత్రి రానీ గంట మోగనీ, రోజులు పోతాయి నేనుంటాను."

మేడమ్: చిత్రకారిణి మారీ లోరాన్సాఁతో ఆయన ప్రేమ చెడుతున్న రోజులవి. 1912లో అచ్చయింది. వంతెన కింద పారిస్‌లోని సెన్ నది పోతోంది, మనసులు మారుతున్నాయి. కదలనివి ఆ వంతెనా, ఈ పల్లవీ. దాన్నీ మార్చేస్తే "నేనుంటాను" అంటే ఎవరు నమ్ముతారమ్మా?

శ్రోత: మరి ఛందస్సు? మాత్రలు లెక్కపెడితే కుదరట్లేదు.

మేడమ్: ఫ్రెంచి పద్యానికి గురులఘువులు లేవు, అక్షరాల లెక్కే. మొదటి పాదం, "మిరాబో వంతెన కింద సెన్ పారుతోంది" అనేది, వేళ్ల మీద చూడండి: సూ, లె, పోఁ, మీ, రా, బో, కూ, లె, లా, సెన్. పది. మామూలుగా "కూల్" అనేస్తారు, పద్యంలో మాత్రం "కూ-లె" అని రెండుగా పలకాలి. కవి స్వయంగా చదివిన 1913 నాటి రికార్డింగ్ ఉంది, తప్పకుండా వినండి.

శ్రోత: రెండో పాదంలో నాలుగే వస్తున్నాయి మేడమ్.

మేడమ్: నాకు ప్రాణం అక్కడే! "ఎ నో జామూర్", "మన ప్రేమలూ" అని. నాలుగు. తర్వాతి పాదం ఆరు. కలిపితే పది. ఒక్క పాదాన్నే రెండుగా విరిచాడు. మిగతా మూడు పాదాల చివర సెన్, సువ్యెన్, పెన్, ఈ మూడింటికీ ప్రాస కలిసింది. విరిగిన చోట ఉన్న "అమూర్", అంటే ప్రేమలు, అదొక్కటే ఆ చరణంలో జత లేకుండా మిగిలిపోయింది.

శ్రోత: అయ్యో, నేను "ప్రేమలు"కి "సీమలు" వేశాను.

మేడమ్: తీసేయండి. ప్రేమకు జత వెతక్కండి.

శ్రోత: చివరి చరణం ముగింపులో మొదటి పాదమే మళ్లీ వస్తుంది. అక్కడ కూడా మార్చకూడదా?

మేడమ్: ఒక్క అక్షరం కూడా వద్దు. కామాలూ పెట్టకండి. 1913లో సంపుటి వేసినప్పుడు విరామచిహ్నాలన్నీ ఆయనే తీసేశాడు.

శ్రోత: సరే మేడమ్. ఈ రాత్రికే మళ్లీ కూర్చుంటాను.

యాంకర్: తర్వాతి కాల్ తీసుకుందాం.