స్తన గ్రంథి ఎదుగుదలపై ఈస్ట్రోజెన్‌ను పోలిన రసాయనాల ప్రభావం: చర్చ

వ్యాఖ్యాత: ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఏ, ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌లా చాలా బలహీనంగానే పనిచేస్తుంది అంటారు కదా, మేడమ్. మరి ఇంత ఆందోళన ఎందుకు?

విషశాస్త్ర నిపుణురాలు: బలహీనమైనదే. కానీ ఎంత మోతాదు అన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఏ దశలో తగిలిందన్నదీ చూడాలి. గర్భంలోనూ, యుక్తవయసు మొదట్లోనూ గ్రంథి రూపు దిద్దుకుంటుంది. అప్పుడు పడిన ముద్ర రసాయనం శరీరం నుంచి పోయాక కూడా మిగిలిపోవచ్చు. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ సంగతే చూడండి. 1938లో తయారైన ఆ మందును గర్భిణులకు ఇచ్చారు. 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వద్దని హెచ్చరించింది. గర్భంలో ఆ మందు తగిలిన ఆడవాళ్లలో 40 ఏళ్లు దాటాక స్తన క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు అక్కడి దీర్ఘకాల పరిశీలనలో తేలింది.

వ్యాఖ్యాత: చిట్టెలుకల్లో దీన్నెలా చూస్తారు, సార్?

జీవశాస్త్రవేత్త: నాలుగో గ్రంథిని, అంటే తొడ మొదట్లో ఉండేదాన్ని, మడతలు పడకుండా స్లైడ్ మీద పరుస్తాం. ఇథనాల్, క్లోరోఫాం, ఎసిటిక్ ఆమ్లం 6:3:1 పాళ్లలో కలిపిన కార్నాయ్ ద్రావణంలో, కణజాలం చెడిపోకుండా, ఉంచి, తర్వాత కార్మైన్ ఆలం అనే ఎర్ర రంగులో రాత్రంతా నానబెడతాం. క్రమంగా గాఢత పెంచుతూ ఆల్కహాల్‌లో తేమ తీసి జైలీన్ అనే ద్రావకంలో వేస్తే కొవ్వు పారదర్శకమై ఎర్రటి పాల నాళాలు తేలతాయి. తెల్లగా మసకబారితే నీరు మిగిలిందన్నమాట, మళ్లీ శుద్ధ ఆల్కహాల్‌లోకి మార్చాలి. లెక్కపెట్టేది నాళాల చివర ఉబ్బిన మొగ్గలను. సుమారు మూడు వారాల వయసులో వచ్చి, నాళాలు కొవ్వు అంచును చేరాక మాయమవుతాయి. మూడు నెలల ఎలుకలో వాటిని వెతకడం వృథా!

వ్యాఖ్యాత: ఒక ప్రయోగశాలలో తేడా కనిపిస్తుంది, మరోచోట కనిపించదు. ఎందుకలా?

విషశాస్త్ర నిపుణురాలు: కారణాలు చాలా ఉంటాయి. ముందు పంజరం, నీళ్ల సీసా, మేత చూడండి. అరిగిన పాలీకార్బనేట్ ప్లాస్టిక్ నుంచి బిస్ఫినాల్-ఏ కారుతుంది, సోయా మేతలో మొక్కల ఈస్ట్రోజెన్లు ఉంటాయి. అప్పుడు రసాయనం ఇవ్వని గుంపుకూ అది అందినట్టే. కణాల ప్రయోగాల్లోనూ ఇదే బెడద. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో సోటో, సోనెన్‌షైన్ బృందం 1991లో ప్రచురించింది ఇదే: ప్లాస్టిక్ గొట్టాల్లోంచి కారిన నోనైల్‌ఫినాల్ అనే రసాయనం, ఈస్ట్రోజెన్ ఏమీ కలపకపోయినా, రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచింది. అందుకే గాజు సీసాలు, సోయా లేని మేత వాడాలి. ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే బలమైన కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇచ్చిన గుంపు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. దానిలోనూ మార్పు రాకపోతే ఆ ప్రయోగాన్ని బట్టి రసాయనం సురక్షితమని అనలేం.

జీవశాస్త్రవేత్త: ఇంకొకటి, ఒకే ఈతలోని పిల్లలను వేర్వేరు నమూనాలుగా లెక్కించకూడదు. మందు తిన్నది తల్లి, కాబట్టి ఒక ఈత అంతా కలిపి ఒక్క నమూనా. దీన్ని పక్కన పెట్టి రాసిన ఫలితాన్ని నేనైతే నమ్మను.